తిరుపతిలో ఆంత్రొపాలజీ ఎం.ఏ.: తరగతి గది నుంచి పులికాట్ ఒడ్డు దాకా

2025 జూన్ చివరి వారంలో నా వైవా (మౌఖిక పరీక్ష) అయింది. సోషల్ ఆంత్రొపాలజీలో, అంటే సామాజిక మానవశాస్త్రంలో, ఎం.ఏ. ముగిసింది. రెండేళ్లుగా మా ఊరి పిల్లలు, మా డిగ్రీ కాలేజీ జూనియర్లు ఫోన్ చేసినప్పుడల్లా రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. అందులో ఏం చెబుతారు? చదివితే ఏ ఉద్యోగం వస్తుంది? మొదటిదానికి సిలబస్ చూసుకుంటే సరిపోతుంది. రెండోదానికి నాకు తెలిసినంత చివర చెబుతాను. ఎవరూ అడగనిది, చేరాక అందరి ప్రాణమూ తోడేసేది క్షేత్రకార్యం. అంటే మనుషుల మధ్య కొన్నాళ్లు ఉండి, చూసిందీ విన్నదీ రాసుకోవడం. మేమంతా దాన్ని ‘ఫీల్డ్’ అనే అంటాం. దాని గురించి ముందే ఎవరైనా విడమరచి చెప్పి ఉంటే నా మూడో సెమిస్టర్ అంత బెంగగా గడిచేది కాదు.

మాది పాకాల దగ్గరి పల్లె. డిగ్రీలో చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం చదివాను, అంతా తెలుగు మాధ్యమమే. 2023 జూన్‌లో పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్ రాశాను. బీసీలకు దరఖాస్తు రుసుము 750 రూపాయలు. తొంభై నిమిషాలు, వంద ప్రశ్నలు. పరీక్ష నన్ను పెద్దగా కష్టపెట్టలేదు. ఆ తర్వాతి నిరీక్షణే కష్టం. ఫలితం జూలైలో వచ్చింది, వెబ్ కౌన్సెలింగ్ సెప్టెంబరులో మొదలైంది. మధ్యలో ఆ రెండు నెలలూ నాన్న రోజూ బి.ఇడి. మాట ఎత్తేవారు. ఆయన తప్పేమీ లేదు. మా బంధువుల్లో ఆంత్రొపాలజీ చదివినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ పేరు పలకడానికే మా పెద్దనాన్న ఇబ్బంది పడేవారు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు, టి.సి., స్టడీ సర్టిఫికెట్లు అన్నీ ఆ రెండు నెలల్లోనే సిద్ధం చేసి పెట్టుకోవడం మంచిదయింది. సీటు వచ్చాక ఇచ్చే గడువు చాలా తక్కువ. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. అక్టోబరులో తరగతులు మొదలయ్యాయి.

మొదటి నెలంతా భాషతోనే సరిపోయింది. పుస్తకాలు ఇంగ్లీషులో, నోట్సు ఇంగ్లీషులో. తెలుగు అకాడమీ వారి సమాజశాస్త్రం పుస్తకాలు పక్కన పెట్టుకుని ఒక్కో పేజీ రెండుసార్లు చదివేదాన్ని. తరగతిలో దాదాపు సగం మంది సివిల్స్‌కు ఆంత్రొపాలజీ ఆప్షనల్‌గా పెట్టుకోవాలన్న ఆలోచనతో చేరినవాళ్లే. వాళ్లకు ఇంగ్లీషు వచ్చు. నాకు భయంగా ఉండేది. నవంబరులో బంధుత్వ వ్యవస్థల పాఠం వచ్చాక ఆ భయం తగ్గింది.

రివర్స్ అనే ఆంగ్లేయుడు 1898లో టారెస్ జలసంధి యాత్రకు వెళ్లినప్పుడు వంశవృక్షాల పద్ధతిని తయారు చేశాడు. కొన్నేళ్లకు మన నీలగిరుల్లో తోడా గిరిజనుల దగ్గర కూడా దాన్నే వాడాడు. మగవారికి త్రిభుజం, ఆడవారికి వృత్తం, పెళ్లికి రెండు గీతలు. ఎవరి వైపు నుంచి గీస్తున్నామో వారిని మధ్యలో పెడతాం. దీపావళికి ఇంటికి వెళ్లినప్పుడు మా వంశవృక్షం గీసుకురమ్మన్నారు. మా నాన్న మేనత్త కూతురినే చేసుకున్నారు. కాబట్టి మా అమ్మమ్మ ఆయనకు అత్తగారూ అవుతుంది, మేనత్తా అవుతుంది. కాగితం మీద గీసేసరికి రెండు కొమ్మలు పైకి వెళ్లి ఒకే చోట కలిశాయి. తరగతిలో బిహార్ నుంచి వచ్చిన అబ్బాయి ఆ పటం చూసి నిర్ఘాంతపోయాడు. వాళ్ల వైపు మేనరికం ఊహకే అందదు. ఉత్తర, దక్షిణ భారతాల బంధుత్వాల్లో ఈ తేడా గురించి మానవశాస్త్రవేత్త ఇరావతి కర్వే 1953లోనే పుస్తకం రాశారని ఆ రోజు మాస్టారు చెప్పారు. అప్పుడు నాకొకటి తట్టింది. మా ఇంట్లో అందరూ మామూలుగా మాట్లాడుకునే సంగతులు ఈ చదువులో అసలైన సమాచారం. ఇంగ్లీషు రాకపోయినా ఆ సమాచారం నా దగ్గర బోలెడంత ఉంది.

మనిషి శరీరాన్ని చదివే ఫిజికల్ ఆంత్రొపాలజీ ప్రాక్టికల్స్ గురించి కూడా చెప్పాలి. సోషల్ తీసుకున్నా కొంత తప్పదు. స్ప్రెడింగ్ కాలిపర్ అనే వంపు తిరిగిన పరికరంతో పక్కవారి తల పొడవు, వెడల్పు కొలవాలి. వెడల్పును పొడవుతో భాగించి వందతో గుణిస్తే సెఫాలిక్ ఇండెక్స్ వస్తుంది. లెక్క సులువే. ఆ చల్లని ఇనుము కణతలకు తగిలినప్పుడు మాత్రం నాకు ఒళ్లు జలదరించింది. 1901 జనాభా లెక్కలు నడిపిన రిస్లీ ముక్కు కొలతలకూ కులం హెచ్చుతగ్గులకూ ముడిపెట్టాడు. మద్రాసు మ్యూజియం అధిపతి థర్‌స్టన్ మ్యూజియం చూడడానికి వచ్చినవాళ్ల తలలు కూడా కొలిచేవాడు. ఆ సిద్ధాంతాలు ఎప్పుడో కొట్టుకుపోయాయి. కానీ మన తాతముత్తాతలను వరసగా నిలబెట్టి ఇలాగే కొలిచారు కదా అన్న బాధ నన్ను వదల్లేదు. ఆ రోజు ప్రాక్టికల్ రికార్డులో కొలతలు రాసి, కింద ఈ మాట కూడా రాశాను. మాస్టారు కొట్టేయలేదు, పక్కన టిక్కు పెట్టారు.

2024 మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతర మాకు మొదటి ఫీల్డ్ పాఠం. చాటింపు పడ్డాక తిరుపతి పాత కాపురస్థులు జాతర ముగిసేదాకా ఊరి పొలిమేర దాటి బయట రాత్రి గడపరు. టీటీడీ నుంచి అమ్మవారికి సారె వస్తుంది, ఆమె శ్రీవారి చెల్లెలు కదా. ఒక్కో రోజు ఒక్కో వేషం: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి. మగవాళ్లు చీరలు కట్టుకుని, నగలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. మాకిచ్చిన పని వినడానికి చిన్నది: ఒక సాయంత్రం ఒకే వీధి మూలలో నిలబడి, కనిపించింది మాత్రమే రాయాలి. అర్థం రాయకూడదు, ‘భక్తితో’ అని కూడా రాయకూడదు, భక్తి కంటికి కనిపించదు కాబట్టి. ఎవరు ఎవరికి జడ వేస్తున్నారు, చీర ఎవరిది, గాజులు ఎవరు తొడిగారు, డబ్బు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లింది. రాసుకుంటూ పోతే ఒక సంగతి తేలింది. వేషం కట్టేది మగవాడే అయినా, అతన్ని తయారు చేసేది ఇంటి ఆడవాళ్లు. భార్య చీర, చెల్లెలి గొలుసు, అమ్మ పెట్టే బొట్టు. చిన్నప్పటి నుంచి జాతరకు వెళ్తున్నా నేను ఇది ఎన్నడూ గమనించలేదు. జాయిస్ ఫ్లూకిగర్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఈ జాతర మీద 2013లో ఒక పుస్తకమే ప్రచురించారు. ఆమె అంత దూరం నుంచి వచ్చి, ఏళ్ల తరబడి మన ఆడవాళ్ల మధ్య కూర్చుని రాశారు.

మూడో సెమిస్టర్‌లో డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) అంశం ఎంచుకోవాలి. ఒకరు విరిగిన ఎముకలకు కట్టే పుత్తూరు కట్టు తీసుకున్నారు. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించుకుని మరీ కట్టు కోసం పుత్తూరు వెళ్లే రోగులను కలిసే పని అది. ఇంకొకరు శ్రీకాళహస్తి కలంకారీ కుటుంబాలను తీసుకున్నారు. నేను పులికాట్ సరస్సు ఒడ్డున యానాది గిరిజనుల జీవనోపాధి తీసుకున్నాను. లైబ్రరీలో దక్షిణ భారత కులాలు, తెగల మీద థర్‌స్టన్ రాసిన పుస్తకం ఏడో సంపుటం తిరగేస్తుంటే శ్రీహరికోట యానాదుల గురించిన పేజీలు కనిపించాయి. 1909లో అచ్చయిన పుస్తకం. ఆ దీవిలో ఇప్పుడు రాకెట్ కేంద్రం ఉంది. మరి ఆ మనుషులు ఏమయ్యారు అన్న ప్రశ్న నన్ను పట్టుకుంది. వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల కోసం జీవితమంతా పనిచేసి, వాళ్ల మీద పుస్తకం కూడా రాశారు. అది సంపాదించి చదివాక నిర్ణయం ఖాయమైంది. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక సరస్సు పక్కనున్న సూళ్లూరుపేట కూడా తిరుపతి జిల్లాలోకి వచ్చింది కాబట్టి దూరం గురించి గైడు గారు అభ్యంతరం చెప్పలేదు.

డిపార్ట్‌మెంట్ నుంచి ఉత్తరం ఒక్క రోజులో ఇచ్చారు. దాని మీద ఒక మండల కార్యాలయంలో స్టాంపు వేయించుకోవడానికి దాదాపు రెండు వారాలు పట్టింది. సంబంధిత అధికారి క్యాంపులో ఉన్నారని, ఫైలు పైకి వెళ్లిందని, రేపు రమ్మని. బస్సుకు ఒకవైపే నూట యాభైకి అటూ ఇటూ అయ్యేది. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం స్త్రీ శక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది, నా పని అప్పటికే అయిపోయింది. ఇప్పుడు వెళ్లే అమ్మాయిలకు ఆ ఖర్చు మిగులుతుంది. అంత తిరిగి తెచ్చుకున్న స్టాంపు నాకు మేలు కన్నా కీడే ఎక్కువ చేసింది. యానాదుల కాలనీలో ఆ కాగితం చూపించగానే నన్ను ప్రభుత్వ మనిషి అనుకున్నారు. ఇళ్ల పట్టాలు వస్తాయా, రేషన్ కార్డు రాస్తారా అని అడిగారు. కొందరైతే తలుపులు వేసుకున్నారు. నేను విద్యార్థినినని వాళ్లను నమ్మించడానికి జనవరి నెల సగం పోయింది. ఉత్తరం దగ్గర పెట్టుకోండి, పోలీసులో పంచాయతీ వాళ్లో అడిగితే చూపించండి, మనుషులకు మాత్రం చూపించకండి.

బస కోసం ఒక అంగన్‌వాడీ టీచరక్క ఇంట్లో గది దొరికింది. నెలకు 1,500 రూపాయలు, రాత్రి భోజనం ఆమెతోనే. ఆమె లేకపోతే ఈ డిసర్టేషన్ లేదు. ఎవరింట్లో చావు జరిగిందో, ఎవరు ఎవరితో మాట్లాడుకోవడం లేదో, ఏ ఇంటికి ముందు వెళ్తే ఏ ఇల్లు అలుగుతుందో ఆమె చెప్పేది.

మొదటి రోజుల్లో నా చేతిలో ఇంటింటి షెడ్యూల్ (ప్రశ్నల పట్టిక) ఉండేది. పేరు, వయసు, చదువు, వృత్తి, ఆదాయం. ప్రతి గడీ ఒక్కో రకంగా మొరాయించింది. ఆడవాళ్లు భర్త పేరు చెప్పరు. తలుపు చాటుకు వెళ్లి నవ్వి, పక్కింటి పిల్లవాడిని పిలుస్తారు, వాడు అరిచి చెబుతాడు. అందుకని సాయంత్రం పూట, పిల్లలు బడి నుంచి వచ్చాక వెళ్లడం మొదలుపెట్టాను. వయసు ఎవరికీ తెలియదు. ఆధార్‌లో ఉన్న సంవత్సరం ఎవరో అధికారి చూసి వేసిందే. దీనికి మాస్టారు నేర్పిన ఉపాయం పనికొచ్చింది. సంఘటనల క్యాలెండర్ తయారు చేసుకున్నాను: రెండు రూపాయల బియ్యం వచ్చిన ఏడు, సునామీ వచ్చిన ఏడు, 2015 వరదలు, మొన్నటి మిచౌంగ్ తుఫాను. సునామీ వచ్చేసరికి నువ్వు నడుస్తున్నావా, పాలు తాగుతున్నావా అని అడిగితే వయసు దగ్గరదగ్గరగా తేలుతుంది.

వృత్తి గడిలో అందరూ చెప్పింది ఒకటే మాట: కూలి. ఆ మాటతో ఆగిపోతే నా డిసర్టేషన్ పది పేజీలు దాటేది కాదు. ఒకరోజు టీచరక్క, ‘నువ్వు ఇలా అరుగు మీద కూర్చుని అడిగితే ఎవరు చెబుతారు పాపా, వాళ్లతో నీళ్లలోకి వెళ్లు’ అంది. మర్నాడు తెల్లవారకముందే ఆడవాళ్ల వెంట సరస్సులోకి వెళ్లాను. మోకాలి లోతు, కొన్నిచోట్ల నడుము లోతు ఉప్పునీళ్లు. వలలు ఉండవు. వంగి, కూర్చున్నట్టుగా జరుగుతూ, అడుగున బురదలో రెండు చేతులతో తడుముతూ రొయ్యలు పడతారు. దొరికినది దొరికినట్టు తాటాకు బుట్టలో వేస్తారు. రెండు చేతులకూ పని ఉంటుంది కాబట్టి ఆ బుట్ట పళ్ల మధ్య పట్టుకుంటారు. అందుకే అక్కడ ఎవరూ మాట్లాడుకోరు. గంటసేపటికి గవ్వ పెంకులు తగిలి నా వేళ్లు చీరుకుపోయాయి, ఉప్పు తగిలి మండిపోయాయి. నాకు దొరికినవి పిడికెడు కూడా లేవు. ఒడ్డుకు వచ్చాక ఒకావిడ నా చేతులు చూసి, తన చేతులు పక్కన పెట్టి చూపించింది. ఆ మచ్చల్లో ఏది ఎప్పుడు అయిందో చెప్పుకుంటూ పోయింది. ఆ రోజు నుంచి నేను వాళ్లను ప్రశ్నలు అడగాల్సిన అవసరం తగ్గింది. వాళ్లే మొదలుపెట్టేవారు.

జనవరిలో సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగింది. ఆ మూడు రోజులూ రోడ్ల నిండా కార్లు, బస్సుల్లో కాలు పెట్టడానికి చోటు లేదు. కొంగలను చూడడానికి వేలమంది వచ్చారు. అదే నీళ్లలో నడుము వంచి తిరిగే ఈ ఆడవాళ్ల వైపు చూసినవారు నాకు కనిపించలేదు. చెప్పాలంటే నాకు కోపమే వచ్చింది. ఆ కోపాన్ని కూడా నోట్సులో రాసుకున్నాను, తేదీ వేసి.

ఆ కాలనీలో ఒక అవ్వ ఉంది. అమ్మానాన్నలతో శ్రీహరికోట దీవి నుంచి చిన్నప్పుడు వచ్చినవాళ్లలో మిగిలిన కొద్దిమందిలో ఒకరు. దీవి సంగతి ఎత్తినప్పుడల్లా, ‘చిన్నపిల్లను, నాకేం గుర్తుంటుంది పాపా’ అని దాటవేసేది. జనవరి 29 తెల్లవారుజామున అందరూ బయటికి వచ్చి నిలబడ్డారు. శ్రీహరికోట నుంచి వందో ప్రయోగం, జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15, ఉదయం 6 గంటల 23 నిమిషాలకు. మొదట వెలుగు కనిపించింది, శబ్దం ఆ తర్వాత వచ్చింది. రేకుల పైకప్పులు అదిరాయి. పిల్లలు కేకలు వేస్తూ రాకెట్ వైపు చూస్తున్నారు. అవ్వ ఆకాశం వైపు చూడలేదు. పొగ లేచిన చోటు వైపు చేయి చూపించి, దానికి ఇవతల తమ గుడిసె ఎక్కడ ఉండేదో, అమ్మ తేగలు ఎక్కడ పాతేదో, తేనె పట్టు కోసం నాన్న ఎటు వెళ్లేవాడో చెప్పడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి పొద్దెక్కేదాకా మాట్లాడింది. పడవలో వచ్చేటప్పుడు కుక్క కూడా ఎక్కిందని, మూటలకు చోటు లేదని దాన్ని దింపేశారని చెప్పింది. 1971 అక్టోబరులో మొదటి రాకెట్ ఎగిరే నాటికి వాళ్లు ఈ ఒడ్డునే ఉన్నారు. ఆ శబ్దానికి భయపడి అమ్మ తన చెవులు మూసిందని చెప్పింది.

నేను ఆ ఉదయం నోట్సు పుస్తకం తీయలేదు. తీస్తే ఆగిపోతుందేమోనని భయం. గదికి వెళ్లి మధ్యాహ్నం దాకా కూర్చుని గుర్తున్నదంతా రాశాను. ఏ మాట ఆమెది, ఏది నా ఊహ అన్నది వేరు చేస్తూ రాశాను. మర్నాడు ఆమె దగ్గరికి వెళ్లి, ఇవన్నీ రాసుకోవచ్చా అని అడిగాను. ‘రాసుకో, కుక్క సంగతి కూడా రాయి’ అంది.

ఏ రాత్రి నోట్సు ఆ రాత్రే రాయాలని, ప్రతి పేజీ వేరే చోట కూడా దాచుకోవాలని మాస్టారు మొదటి నుంచీ చెప్పేవారు. సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు దగ్గరి రాంపురలో చేసిన ఫీల్డ్ నోట్సు 1970 ఏప్రిల్‌లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఎవరో నిప్పుపెడితే కాలిపోయాయి. క్రమపరిచి పెట్టుకున్న మూడు ప్రతులూ పోయాయి. ఆయన జ్ఞాపకం నుంచే ఆ ఊరి గురించి మళ్లీ పుస్తకం రాశారు. నాకు అంత జ్ఞాపకశక్తి లేదు. అందుకని ప్రతి రాత్రీ పేజీలు ఫోనులో ఫొటో తీసి మా తమ్ముడికి పంపేదాన్ని. ఎంత నిద్ర వచ్చినా ఈ పని మానకండి.

ఫిబ్రవరిలో జ్వరం వచ్చింది. నాలుగు రోజులు పడుకున్నాను. ఇంటి మీద బెంగ, ఇంకా సగం కుటుంబాలు మిగిలి ఉన్నాయన్న దిగులు. అదే వారంలో ఒకావిడ పలకరించడానికి వచ్చి కూర్చుని, ‘ఇవన్నీ రాసుకుంటే నీకేం వస్తుంది పాపా?’ అని అడిగింది. ఎం.ఏ. వస్తుందన్నాను. ‘మరి మాకు?’ అంది. ఆమె గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. గైడు గారికి ఫోన్ చేశాను. లేని మాట ఇవ్వకు, ఉన్నది ఉన్నట్టు చెప్పు, చేతనైన పని చెయ్యి అన్నారు. అప్పటి నుంచి మధ్యాహ్నాలు కుల ధ్రువీకరణ పత్రాల దరఖాస్తులు రాసిపెట్టాను, పిల్లల పుట్టిన తేదీ కాగితాలు వెతికిపెట్టాను. కొందరికి పత్రాలు వచ్చాయి. కొందరివి ఇప్పటికీ పెండింగులోనే ఉన్నాయి. ఇది వాళ్ల రుణం తీర్చినట్టు కాదు. వాళ్ల జీవితాలు విని నేను డిగ్రీ తెచ్చుకున్నాను. ఈ విషయం మీద మా తరగతిలో గంటలు గంటలు వాదించుకున్నాం, ఎవరమూ తేల్చలేకపోయాం.

మార్చి చివర తిరుపతి వచ్చేశాను. ఏప్రిల్, మే రాయడానికే. ఎండలకు హాస్టల్ గదిలో ఫ్యాను వేడి గాలి కొట్టేది. రాత్రి పదింటి తర్వాత మాత్రమే పని సాగేది. అందరి పేర్లూ మార్చాలి, కాలనీ పేరు కూడా. అధ్యాయాలు ఇంగ్లీషులో రాశాను. అవ్వ మాటలు మాత్రం తెలుగు లిపిలో అలాగే ఉంచి కింద ఇంగ్లీషు ఇస్తానన్నాను, గైడు గారు ఒప్పుకున్నారు. మొదటి చిత్తుప్రతి ఎర్ర సిరాతో నిండి తిరిగి వచ్చింది. ‘యానాదులు నమ్ముతారు’ అని రాసిన ప్రతిచోటా ‘ఎవరు? ఎంతమంది?’ అని రాశారు. ఆ ఒక్క ప్రశ్న నాకు నేర్పినంత ఏ థియరీ పేపరూ నేర్పలేదు.

డబ్బు సంగతి. గది అద్దె, బస్సులు, నోట్సు పుస్తకాలు, టైపింగు, నాలుగు ప్రతుల గట్టి బైండింగు అన్నీ కలిపి పన్నెండు వేల దాకా అయింది. బైండింగు సమయం జూన్‌లో వచ్చింది. 2025 జూన్‌లో తోతాపురి మామిడి ధర ఎలా పడిపోయిందో మన జిల్లాల వాళ్లకు చెప్పనక్కరలేదు. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లలో కాయలు కుళ్లిపోతుంటే నాన్నను డబ్బు అడగడానికి నాకు నోరు రాలేదు. టీచరక్క పంపింది. నెమ్మదిగా తీర్చుతున్నాను. ఈ ఖర్చుకు మొదటి సెమిస్టర్ నుంచే కొంత పక్కన పెట్టుకోండి.

వైవా అరగంట కూడా పట్టలేదు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ థియరీ అడుగుతారని రాత్రంతా చదివాను. ఆయన పట్టికలు మాత్రమే చూశారు. మొదటి పట్టికలో ఉన్న ఇళ్ల సంఖ్యకూ చివరి పట్టికలో ఇళ్ల సంఖ్యకూ తేడా ఎందుకుందని అడిగారు. చెప్పాను. కొన్ని కుటుంబాలు రొయ్యల గుంటల కాపలాకు వెళ్లి గట్ల మీద గుడిసెల్లో ఉంటున్నాయి. ముందుగా అడ్వాన్సు తీసుకున్నారు కాబట్టి అది తీరేదాకా పండక్కి కూడా ఇంటికి రాలేరు. తాళం వేసిన ఇళ్లు మొదటి లెక్కలో ఉన్నాయి, ఆదాయాల లెక్కలో లేవు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది 1976లో, మీరు చూసింది దాని పరిధిలోకి వస్తుందా అని అడిగారు. అప్పు తీరేదాకా కదలడానికి వీల్లేకపోతే వస్తుందనే నేను అనుకుంటున్నానని, ఆ పదం వాళ్లు వాడరని, ‘బాకీ ఉంది’ అంటారని చెప్పాను. ఆయన చాలాసేపు రాసుకున్నారు.

జూలైలో తెలుగులో పదిహేను పేజీల సారాంశం రాసుకుని కాలనీకి వెళ్లాను. సాయంత్రం చెట్టు కింద చదివాను. పిల్లలు గోల చేశారు, మధ్యలో ఇద్దరు లేచి వెళ్లిపోయారు, మిగతావాళ్లు విన్నారు. రొయ్యలు దళారికి అమ్ముతారు అన్న వాక్యం దగ్గర ఒకావిడ ఆపింది. ‘అమ్ముతాం అని రాశావు. మాకు అప్పిచ్చినవాడికే వేయాలి, వాడు చెప్పిందే రేటు. అలా రాయి’ అంది. నా ప్రతిలో అక్కడే చేతితో దిద్దాను. యూనివర్సిటీకి ఇచ్చిన ప్రతుల్లో పాత వాక్యమే ఉంది. అది నన్ను ఇంకా బాధపెడుతోంది. పీహెచ్‌డీకి వెళ్తే అక్కడి నుంచే మొదలుపెడతాను. కాబట్టి వీలైతే సమర్పించకముందే తిరిగి వెళ్లి చదివి వినిపించండి, ఒక్క రోజు పని.

మార్కుల మెమో ఆగస్టులో వచ్చింది. ఇక ఉద్యోగాల సంగతి. మా బ్యాచ్‌లో ముగ్గురు సివిల్స్ కోచింగులో ఉన్నారు. మెయిన్స్ జవాబులు తెలుగులో రాసే వీలుంది. ఇద్దరు గిరిజన ప్రాంతాల్లో స్వచ్ఛంద సంస్థల్లో చేరారు. నేను డిసెంబరులో జరిగే నెట్‌కు (లెక్చరర్ ఉద్యోగాలకు, పరిశోధన ఫెలోషిప్‌కు అర్హత పరీక్ష) చదువుతున్నాను. మూడు గంటల్లో రెండు పేపర్లు, మొత్తం నూట యాభై ప్రశ్నలు. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది, తెలుగు మాధ్యమం వాళ్లు మొదటి ఏడాది నుంచే ఇంగ్లీషు పదజాలం అలవాటు చేసుకోవాలి. ఆ పరిశోధన ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వస్తే నెలకు 37,000 రూపాయలు. అది వస్తే టీచరక్క బాకీ ముందు తీరుస్తాను. ఫీల్డ్ చోటు వెతుక్కుంటున్న జూనియర్లు రెండో సెమిస్టర్ సెలవుల్లోనే ఒకసారి వెళ్లి, బస ఎక్కడో చూసుకుని రండి. పులికాట్ వైపు వెళ్లదలచుకుంటే నన్ను అడగండి, అక్కతో మాట్లాడిపెడతాను.